బిగుసుకున్న మోకాలు

ఆ సైటులో అందరూ అతన్ని పైవాడనే పిలిచేవారు. టవర్ క్రేను నడపడం అతని పని. పొద్దున్నే నిచ్చెనెక్కి ఆ చిట్టచివరి గాజు గదిలో కూర్చుంటే మళ్లీ సాయంత్రానికి గానీ నేల మీద కనపడడు. ఇనుప చువ్వల కట్టను పసిపిల్లను పడుకోబెట్టినట్టు దించేవాడు. పని తొందరగా తెమిలినా, ఆలస్యమైనా కింద కూలీలు "అంతా పైవాడి దయ" అని నవ్వుకునేవారు. ఆ పేరంటే అతనికీ లోలోపల మోజే.

కుడి మోకాలు కిర్రుమనడం మొదలై చాలాకాలమైంది. లేవగానే కొయ్యబారినట్టుండేది, కాసేపు నడిస్తే దారికొచ్చేది. మెట్లు దిగుతూ పళ్లు బిగబట్టడం భార్య కంటపడ్డాకే ఆస్పత్రి గడప తొక్కాడు.

డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూపించింది. "ఎముకల చివర్లకు నున్నటి పొర ఉంటుంది, మృదులాస్థి అంటాం. అది ఉంటే ఈ ఎముకల మధ్య సందు కనపడాలి. మీకు సందే లేదు."

"మరి ఇన్నాళ్లూ నాకు తెలీలేదేంటండీ?"

"ఆ పొరలో నరాలుండవు. అరుగుతున్నా అరవదు. రక్తనాళాలూ ఉండవు, అందుకే పోయింది మళ్లీ రాదు. ఉత్త అరుగుదలే అనుకోకండి. వాచిన కీలు ఆ పొరను తనే కొంచెం కొంచెంగా కరిగించేస్తుంది."

"నూనె రాస్తే?"

"చర్మానికి మంచిదే," అంది ఆవిడ నవ్వకుండా. "ఊడిన ముక్క ఏదైనా మధ్యలో ఇరుక్కుంటే కాలు ఉన్నపళంగా బిగుసుకుపోవచ్చు. నిచ్చెనలెక్కడం మానేయండి."

ఆ చివరి మాట అతను ఇంటిదాకా తీసుకెళ్లలేదు. భార్యతో, "మాత్రలిచ్చింది, సర్దుకుంటుందట" అన్నాడు.

కొద్ది రోజులకే ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. కింద నుంచి సైగలిచ్చేది అతని బావమరిదే. "బావా, గాలి లేస్తోంది. చేతిలో ఉన్నది దించేసి నువ్వూ దిగు" అని వాకీటాకీలో చెప్పాడు. అతను లోడు దించి, క్రేను చేయిని గాలివాటుకు తిరిగేలా వదిలి, నిచ్చెన పట్టుకున్నాడు.

సగం దిగాడో లేదో, మోకాల్లో టక్కుమంది. వంగిన కాలు వంగినట్టే ఉండిపోయింది. చాచబోతే కళ్లు బైర్లు కమ్మాయి. తడుముకుంటూ నడుము తాడు కొక్కేన్ని మెట్టుకు తగిలించాడు. గాలికి స్తంభమంతా మూలుగుతోంది.

"ఆగిపోయావేం బావా?"

"ఏంలేదు. ఊపిరి తీసుకుంటున్నా."

చినుకులు మొదలయ్యాయి. ఇనుప మెట్లు జారుతున్నాయి. ఒంటి బరువంతా మంచికాలి మీదే పడింది.

"బావా, నిజం చెప్పు."

అతను కళ్లు మూసుకున్నాడు. "మోకాలు బిగుసుకుంది. డాక్టరమ్మ అసలు ఎక్కొద్దంది. మీ అక్కకు చెప్పలేదు."

"అక్క సంగతి తర్వాత చూద్దాంలే. కదలకు, వస్తున్నా."

ఆ రావడానికి ఎంతసేపు పట్టిందో అతనికి తెలియదు. చివరికి ఒక చేయి అతని మడమను ఆనుకుంది.

"లాగకు," అన్నాడతను.

"లాగను. దాన్ని చాచాలని చూడకు. బరువంతా తాడు మీదికి వదిలేసి, కాలు వేలాడనివ్వు."

తాడును నమ్మడమే కష్టమైంది. వదిలాడు. కాలును బావమరిది మెల్లగా అటూ ఇటూ ఊపుతుంటే లోపల ఏదో జారింది. మోకాలు చటుక్కున వదులైంది. అక్కణ్నుంచి ప్రతి మెట్టుకూ ఆ పాదాన్ని తన చేత్తో పట్టి ఆనిస్తూ బావమరిది కిందికి తెచ్చాడు.

ఇంజనీరు పరుగున వచ్చాడు. "గాలికి ఆగిపోయాడు సార్," అన్నాడు బావమరిది, కాపాడదామని.

"గాలి కాదు సార్," అన్నాడతను. "మోకాలు పోయింది. ఇక నేను ఎక్కను." నడుము తాడు విప్పి బావమరిది చేతికిచ్చాడు.

భార్య మొత్తం విని, "నువ్వు పడిపోయుంటే డాక్టరమ్మ ఎక్కొద్దన్న మాట నాకెవరు చెప్పాలనుకున్నావ్?" అని మాత్రం అడిగింది.

ఇప్పుడు పైన గాజు గదిలో వేరేవాడు కూర్చుంటాడు, అతను కిందే ఉండి సైగలిస్తాడు. పొద్దున్నే తొడ కండరాలకు డాక్టరమ్మ చెప్పిన కసరత్తు చేస్తాడు. కండ గట్టిపడ్డాక మోకాలి మీద భారం తగ్గింది. పోయిన పొర రాలేదు గానీ, నొప్పి అదుపులో ఉంది. కింద పనిచేసిన మొదటి రోజు, చువ్వల కట్ట నెత్తిమీదుగా సాగుతుంటే అతను మెడ లోపలికి లాక్కున్నాడు. పక్కనున్న కూలీలు, పైవాణ్ని నమ్మడం అలవాటై, తల కూడా ఎత్తలేదు.