పొడి స్వెట్టర్

మా చిన్నాయనతో చేసిన ఢిల్లీ ప్రయాణం తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మైపాడులో ముప్పై ఏళ్లు సముద్రం మీద చేపల వేటకు పోయిన మనిషికి చలి అంటే తడి. పడవలో ఒక పొడి చొక్కా కవర్లో కట్టి ఉంచుతారు. నీళ్లలో పడ్డవాడికి తప్ప దాన్ని తియ్యరు.

ఆడపిల్లని ఒక్కదాన్నే పంపడమెందుకని, జనవరిలో నా ఉద్యోగం ఇంటర్వ్యూకి తోడొచ్చాడు. ఆయన కోసం కొన్న ఉన్ని స్వెట్టర్ సంచిలో పైనే పెట్టాను. దాన్ని కవర్లో చుట్టి, వల దారంతో ముడేసి, అడుక్కి తోశాడు. మళ్లీ పైకి తీశాను. మళ్లీ అడుక్కి పోయింది.

ఢిల్లీలో పళ్లు టకటకలాడుతున్నా చెవులకు తువ్వాలు చుట్టుకున్నాడే గానీ, దాన్ని ముట్టలేదు.

"తొడుక్కో చిన్నాయనా!"

"ఇప్పుడే తొడిగేస్తే, రేపు తడిస్తే ఏం జేస్తాం మే?"

"ఇక్కడ సముద్రం లేదు. వాన కూడా లేదు!"

"ఉండు మే," అన్నాడు. రెండు రోజులూ అదే మాట. నేనే విప్పుదామని చూస్తే ఆ ముడికి నా గోరు విరిగింది.

ఇంటర్వ్యూ పొద్దున ఆఫీసు గేటు ముందు ఎవరి మోచెయ్యో తగిలి, గ్లాసుడు టీ నా స్వెట్టర్ మీద ఒలికింది. చిన్నాయన సంచి అడుగునుంచి కవరు తీసి, ఒక్క లాగుతో ముడి విప్పి పొడి స్వెట్టర్ నా చేతిలో పెట్టాడు. మోకాళ్ల దాకా వచ్చే ఆ స్వెట్టర్‌తోనే లోపలికి నడిచాను.

తిరిగొచ్చేసరికి, తడిసిన నా గులాబీ రంగు స్వెట్టర్ పిండి తొడుక్కుని, గేటు దగ్గర వణుకుతూ నిలబడి ఉన్నాడు.

"అదెందుకు తొడుక్కున్నావు?" అని అరిచాను.

"ఇదెట్టాగూ తడిసిపోయిందిగా మే, ఇంక దాచేదేముండాది?"