మార్తమ్మ ఇంటి ముందు రెండు కెమెరాలు

పోయిన గురువారం మధ్యాహ్నం ఒంటి గంట దాటిన కాసేపటికి, నాచారంలోని ఒక బస్తీ మొదటి ఇంటి తలుపు ముందు మార్తమ్మ నిలబడింది. సర్వేకు వచ్చిన ఉద్యోగి ఆమె ఫోటో తీసుకున్నాడు. ఆ ఇంటి జాగాకు పట్టా రావాలంటే ఆ ఫోటో ఉండి తీరాలి. అదే రోజు పొద్దున ఆమె ఆ ఇంటికి తాళం వేసి భువనగిరి బస్సెక్కడానికి వెళ్ళిపోయింది. అలా వెళ్ళిపోవడానికి కారణం నా కెమెరా. అంతా సవ్యంగా ముగిసింది కాబట్టి దీన్ని ప్రయాణ అనుభవంగా రాయగలుగుతున్నాను.

పత్రికలో నాకు వారపు సెలవు గురువారం. వార్తల కోసం చాలా జిల్లాలు తిరిగాను కానీ, గుంటూరు వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడి పదిహేనేళ్ళయినా మా చుట్టుపక్కల వీధులు నాకు సరిగా తెలియవు. ఆఫీసు కెమెరా మీద ఆధారపడటం ఇష్టం లేక ఈ మధ్యే సొంతంగా ఒకటి కొన్నాను. అది కొన్నప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. గురువారం పొద్దున బయలుదేరాలి, షేర్ ఆటో వెళ్ళే దూరం దాటకూడదు, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. అరకు, ఊటీ గురించి రాయమని అడిగే పాఠకులు ఉన్నారు. వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. పీర్జాదిగూడ, నాగారం, నాచారం గురించి రాసేవాళ్ళు నాకు కనిపించలేదు.

ఆ రోజు ఆరింటికల్లా నల్లచెరువు దగ్గర ఉన్నాను. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి వరంగల్ రోడ్డు మీద కొద్దిదూరం నడిస్తే చెరువు వస్తుంది. సగం నీళ్ళ మీద గుర్రపుడెక్క పరుచుకుని ఉంది, మిగతా సగంలో కొంగలు దిగుతాయి. ఎండ ఎక్కాక ఇక్కడ ఫోటోలు బాగా రావు, లారీల దుమ్ము కూడా లేస్తుంది. అందుకని ఏడున్నరకు రింగ్ రోడ్డుకు తిరిగొచ్చి, బండి దగ్గర ఇడ్లీ తిని, హబ్సిగూడ వరకు ఒక షేర్ ఆటో, అక్కడి నుంచి నాచారానికి ఇంకొకటి ఎక్కాను. ఒక్కోదానికి పది రూపాయలు. ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా మెట్రో కోసం రోడ్డు మధ్యలో తవ్వి రేకులు అడ్డం పెట్టారు, కాబట్టి ఈ చిన్న దూరానికి కూడా అరగంట అనుకోవాలి.

నాచారంలో పారిశ్రామికవాడ వెనక వైపు ఫ్యాక్టరీల ప్రహరీ గోడలను ఆనుకుని కొన్ని బస్తీలు ఉన్నాయి. నేను వెళ్ళిన బస్తీ పేరు రాయడం లేదు, అక్కడి వాళ్ళ పని ఇంకా పూర్తి కాలేదు. ఏదో ఫ్యాక్టరీలో బిస్కెట్లు కాలుతున్న వాసన వీధి అంతా ఉంది. మొదట్లోనే ఒక రేకుల ఇల్లు, తలుపుకు నీలం రంగు, తలుపు మీద సున్నంతో వేసిన శిలువ గుర్తు. గడప ముందు నలభై ఏళ్ళు దాటిన ఒకావిడ ఇస్త్రీ చీర కట్టుకుని నిలబడి ఉంది. నా చేతిలో కెమెరా చూడగానే లోపలికెళ్ళి రేషన్ కార్డు తెచ్చుకుని, దాన్ని గుండెల దగ్గర రెండు చేతులతో పట్టుకుని, గుమ్మం పక్కన ఇంటి నంబరు కనిపించేలా జరిగి నిలబడింది. బొమ్మ బాగుందనిపించి రెండు ఫోటోలు తీశాను.

"పేరు రాసుకోరా సారు?" అంది.

"అక్కర్లేదమ్మా" అన్నాను. సెలవు రోజు, జేబులో కలం కూడా లేదు.

ఆమె మొహం తేటపడింది. "దేవుడు మంచిగ జూడాలె సారు మిమ్మల్ని" అని లోపలికి వెళ్ళింది. నేను వీధిలోకి నడిచాను.

ముందుకు వెళ్తున్న కొద్దీ విచిత్రంగా అనిపించింది. పని రోజు పొద్దున్నే మగవాళ్ళు డ్యూటీకి వెళ్ళకుండా, తల దువ్వుకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని గడపల ముందు కూర్చున్నారు. నేను కెమెరా ఎత్తితే ఇంటిల్లిపాదీ లేచి తలుపు ముందు వరసగా నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. ఒక చంటిపిల్ల నవ్వబోతే తల్లి "మూతి ముయ్యే" అని గదిమింది. కొంచెం నవ్వమని నేనన్నాను.

"నవ్వితే పట్టా వస్తదా సారు?" అన్నాడు పక్కింటి అరుగు మీద కూర్చున్న పెద్దాయన. ఆయన పేరు మల్లేశ్, మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు, వీధి వాళ్ళంతా మల్లేశన్న అంటారు.

పట్టా ఏమిటని అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మీరు సర్వేకు రాలే?"

"లేదండీ. నేను ఊరికే ఫోటోలు తీసుకుంటున్నాను. ఉప్పల్‌లో ఉంటాను."

"ఊరికే!" అని ఆయన వీధి అంతా వినిపించేలా నవ్వాడు. "అరే, సారు ఊరికే తీస్తుండట! గా తెల్ల అంగీ విప్పి దాసిపెట్టు, అసలోళ్ళు ఇంకా రాలే!" అని ఎదురింటి కుర్రాడికి చెప్పాడు.

అప్పుడు ఆయన చెప్పాడు. ఆ బస్తీ ప్రభుత్వ స్థలంలో ఉంది. ఏళ్ళుగా ఉంటున్న వాళ్ళకు పట్టాలిస్తామని సర్వే పెట్టారు. ఉద్యోగులు ఇంటింటికీ వచ్చి, ఆ ఇంట్లో ఉండేవాళ్ళను తలుపు ముందు నిలబెట్టి, రేషన్ కార్డు చేత పట్టించి ఫోటో తీస్తారు. తాళం ఉన్న ఇంటిని వదిలేస్తారు. అక్కడ ఎవరూ ఉండట్లేదని, అద్దెకిచ్చుకోవడానికి కట్టారని లెక్క. ఈ వారంలో ఎప్పుడైనా వస్తామన్నారు. అందుకే మూడు రోజులుగా వీధి వీధంతా పనులు మానుకుని ఇస్త్రీ బట్టల్లో కూర్చుంది.

మొదటింటి ఆవిడ రేషన్ కార్డు నాకు అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళేసరికి నీలం తలుపుకు తాళం ఉంది.

పక్కింటి సుగుణమ్మ బట్టలు ఆరేస్తోంది. "మార్తక్కనా? గిప్పుడే పాయె. చెల్లెలు భువనగిరిల ఇల్లు కట్టుకున్నది, ఇయ్యాల పొద్దుమూకి ప్రార్థన కూడిక. సర్వే అయితలేదని మూడొద్దుల సంది ఏడుస్తాంది. మీరొచ్చి ఫోటో తీసిన్రు గద, ఇగ ఫికర్ లేదని తాళమేసి పోయింది."

మార్తమ్మ భర్త లారీ డ్రైవరు, నాగపూర్ వైపు వెళ్ళాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయన దగ్గరే ఉంది. ఇంతలో మల్లేశ్ వచ్చాడు. సర్వే వాళ్ళు పక్క బస్తీలో మొదలుపెట్టారని, అది కాగానే ఇక్కడికేనని ఎవరో ఫోన్ చేశారట. ఇప్పుడు తప్పిపోయిన వాళ్ళ కోసం మళ్ళీ వస్తారా అని అడిగాను. "వస్తమనే అంటరు" అన్నాడు ఆయన.

భువనగిరి బస్సులు ఆగేది ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర. ఫ్యాక్టరీ గోడ దగ్గర ఒక ఆటో ఆగి ఉంది. డ్రైవరు పేరు జహంగీర్. ఆ వీధిలో అందరికీ తెలిసినవాడే. మార్తమ్మను వెతకాలంటే నాకు ఆమె మొహం తెలుసు కానీ నా మాట ఆమె నమ్మాలిగా, అందుకని సుగుణమ్మ కూడా తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎక్కింది.

"హబ్సిగూడ దిక్కెల్లి పోతే సాయంత్రమైతది" అన్నాడు జహంగీర్. "చిల్కానగర్ లోపల్కెల్లి కొడ్త. జర గట్టిగ వట్టుకోండ్రి." మీరు నాచారం నుంచి ఉప్పల్‌కు ఆటోలో వెళ్తే మీరూ ఈ దారే అడగండి. గల్లీలు ఇరుకే కానీ మెట్రో తవ్వకాలు తగలవు. నీళ్ళ ట్యాంకర్ ఒకటి అడ్డం రాకపోతే ఇంకా ముందే చేరేవాళ్ళం. ట్యాంకర్ వాడితో జహంగీర్ చేసిన వాదన ఇక్కడ రాయలేను.

రింగ్ రోడ్డు దగ్గర భువనగిరి, జనగామ బస్సులు ఆగే చోట జనం నిండా ఉన్నారు. సుగుణమ్మ ఒక వైపు, నేను ఒక వైపు వెతికాం. మార్తమ్మ లేదు. కెమెరా వెనక తెరమీద ఆమె ఫోటో తెరిచి, జామకాయలమ్మే ఆవిడకు చూపించాను. ఆమె దగ్గరికి పట్టుకుని చూసింది.

"ఏం జేసింది సారు? ఠాణాల పలక వట్టుకున్నట్టు వట్టుకున్నది."

"ఏమీ చెయ్యలేదమ్మా. ఇటు వచ్చిందా?"

"నా తాన్నే జామకాయలు కొన్నది. గింత బేరమాడింది. గదే బస్సు, ఇప్పుడే కదిలె."

ఆ మాట పూర్తి కాకముందే జహంగీర్ ఆటో తిప్పాడు. "బోడుప్పల్ కాడ పైపులకు తవ్విన్రు సారు. బస్సు గాడ్నే ఆగుతది, పరేషాన్ గాకండ్రి." ఆయన చెప్పినట్టే వాహనాలు అక్కడ బారులు తీరి ఉన్నాయి. బస్సు మాకు ముందు కనిపిస్తూనే ఉంది కానీ దాని పక్కకు చేరలేకపోయాం. పీర్జాదిగూడ స్టాపులో అది మనుషుల్ని ఎక్కించుకోవడానికి ఆగింది. జహంగీర్ ఆటోను దాని ముందు అడ్డంగా పెట్టాడు. బస్సు డ్రైవరు తిట్టాడు. సుగుణమ్మ ముందు తలుపు నుంచి ఎక్కి ఒక్క కేక పెట్టింది.

"మార్తక్కా, దిగు! నీ ఇల్లు పోతాంది!"

"అగ్గంటుకున్నదా?" అని బస్సులో ఎవరో అరిచారు. సగం బస్సు లేచి నిలబడింది. మార్తమ్మ స్టీలు గిన్నె ఒక చేత్తో, సంచి ఒక చేత్తో పట్టుకుని దిగింది. మొహంలో నెత్తురు లేదు. మంటలు లేవని, సర్వే అని సుగుణమ్మ చెప్పింది.

"సర్వే అయింది గద!" అంది మార్తమ్మ. నా వైపు వేలు చూపించింది. "గీ సారే గద తీసింది!"

"నేను సర్వే మనిషిని కాదమ్మా. పత్రికలో పనిచేస్తాను. ఇవాళ సెలవు, సరదాకు తీస్తున్నాను."

మార్తమ్మ నా కెమెరా వైపు చూసింది. "సరదాకు గంత పెద్ద కెమెరా ఎందుకు సారు?"

నేను కెమెరా లెన్సుకు మూత పెట్టాను. "అడిగింది మంచిగనే ఉంది, ఆటోల గూసోని చెప్పుండ్రి" అన్నాడు జహంగీర్.

తిరుగు దారి పట్టాం. చిల్కానగర్ దాటాక మార్తమ్మ సుగుణమ్మతో అంది: "ఇరవై ఏండ్లు ఆ రేకుల కింద ఎండకు మాడినం. ఇయ్యాల నేను లేకుంటే గదే ఖాళీ ఇల్లని రాసుకుందురు." మాటలు సుగుణమ్మతో అన్నా, అవి నాకోసమే. నేను గడియారం వైపు చూడటం మానేశాను. చూసినా ఆటో వేగం పెరగదు.

వీధిలోకి వచ్చేసరికి సర్వే వాళ్ళు వచ్చేశారు. నలుగురున్నారు. కానీ వాళ్ళు మార్తమ్మ ఇంటి వైపు నుంచి కాకుండా అవతలి చివర నుంచి వస్తున్నారు. వాళ్ళు ఈ వైపు నుంచే మొదలుపెట్టబోయారట. ఈ వైపు మోరీ పొంగింది, చెప్పులు పాడైతయని మల్లేశ్ వాళ్ళను చుట్టూ తిప్పి ఆ చివరికి తీసుకెళ్ళాడు. పొంగిన మురుగు కాలువ నాకెక్కడా కనిపించలేదు. "పొద్దున పొంగింది" అన్నాడు ఆయన, నా మొహం చూడకుండా.

మార్తమ్మ తాళం తీసి, చెంగుతో మొహం తుడుచుకుని, రేషన్ కార్డు పట్టుకుని నిలబడింది. ఇంకా మూడు ఇళ్ళు మిగిలాయి. తర్వాత రెండు. ఉద్యోగి ఆమె ముందుకు వచ్చి జేబులోంచి కెమెరా తీశాడు. అది అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. ఒక్కసారి నొక్కాడు, పక్కనున్నాయన పేరు రాసుకున్నాడు, భర్త పేరు అడిగి రాసుకున్నాడు, అంతే. సుగుణమ్మది అంతకు ముందే అయిపోయింది.

మార్తమ్మ అక్కడే నిలబడి ఉంది. "గింత దాంట్ల ఇల్లంత వడ్తదా?" అని మల్లేశ్‌ను అడిగింది.

"పడ్తదే. పేరు గూడ రాసుకున్నరు, సూస్తలేవా?"

ఆ మాట విన్నాకే ఆమె కార్డు దించింది. గడప మీద కూర్చుని, సంచిలోంచి జామకాయలు తీసి జహంగీర్‌కు ఒకటి, సుగుణమ్మకు ఒకటి, నాకొకటి ఇచ్చింది. నేను కూడా అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. పొద్దున ఇడ్లీ తిన్నాక నాకు ఆకలి గుర్తొచ్చింది అప్పుడే. ఆ కాయ గట్టిగా, కొంచెం వగరుగా ఉంది. మొత్తం తిన్నాను.

ఆమె నన్ను ఇంకో ఫోటో తీయమంది. ఆఫీసు వాళ్ళ ఫోటో పాడైతే ఇదైనా ఉంటుందట. ఇప్పుడైనా కొంచెం నవ్వమన్నాను. "పట్టా చేతికొచ్చినంక నవ్వుత సారు. అప్పుడు రాండ్రి" అంది. జహంగీర్ ఆమెను మళ్ళీ రింగ్ రోడ్డులో దింపాడు. సాయంత్రం ప్రార్థనకు చాలా ముందే చేరిందని మర్నాడు సుగుణమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆటోకు మొత్తం మూడు వందలయింది. జహంగీర్ వెయిటింగ్ చార్జీ వేయలేదు.

పనిమీద వెళ్ళినప్పుడు నేను ఎక్కడైనా ముందు నా పేరు, పత్రిక పేరు చెప్తాను. తర్వాతే కెమెరా మనిషి కెమెరా తీస్తాడు. సెలవు రోజున అదంతా ఎందుకనుకున్నాను. నాకు అది సెలవు రోజే కానీ, ఆ వీధి వాళ్ళకు కాదు. మూడు రోజులుగా వాళ్ళు ఒక కెమెరా కోసం ఎదురుచూస్తున్నారు. మొదట వచ్చింది నాది. పెద్దది కాబట్టి నమ్మారు. ఇందులో ఎవరి తెలివితక్కువతనమూ లేదు. ఆ రోజు ఇంటికి వచ్చాక రాత్రి నిద్ర బాగా పట్టింది. మార్తమ్మ దొరక్కపోతే పట్టేది కాదు. గురువారాల తిరుగుడు మానుకోను. కాకపోతే ఇప్పుడు నా జేబులో కలం ఉంటోంది.

ఇలాంటి బస్తీలకు కెమెరాతో వెళ్ళాలనుకునే వాళ్ళకు ఒక్క సలహా. వీధి మధ్యలోకి వెళ్ళాక కాదు, మొదటి ఇంటి దగ్గరే ఆగి, మీరెవరో, ఎందుకు తీస్తున్నారో చెప్పండి, ఏ ఆఫీసు నుంచీ రాలేదని కూడా చెప్పండి. చెప్పాక ఎదుటివాళ్ళు రేషన్ కార్డు తెచ్చుకుంటే మళ్ళీ చెప్పండి.

ఇంటి జాగాల కొలతల కోసం వచ్చే సోమవారం పది గంటలకు టేపులతో వస్తామని సర్వే వాళ్ళు చెప్పి వెళ్ళారు. మార్తమ్మ భర్త లారీ ఆదివారానికి తిరిగి వస్తుంది. కొలతలప్పుడు ఇద్దరూ ఇంటి దగ్గరే ఉంటారు.