పాఠం లేని రోజులు

శీర్షాసనం నేను పుస్తకం చూసి నేర్చుకున్నాను. నర్సీపట్నం శాఖా గ్రంథాలయంలో యోగం మీద ఉన్న పుస్తకాలన్నీ చదివేశాక, అద్దె గదిలో గోడవారగా దుప్పటి మడతపెట్టుకుని ఒక ఆదివారం తలకిందులుగా నిలబడ్డాను. నిలబడ్డాననే అనుకున్నాను. ఆ తరవాత చాలా రోజులు మెడ కుడివైపు తిరగలేదు. తాలూకా ఆఫీసులో పక్కనున్న ఫైలు అందుకోవాలన్నా మనిషిని మొత్తం తిప్పుకోవలసి వచ్చేది.

నా పక్క సీటు గుమస్తా అది కనిపెట్టేశాడు. "ఏటి సామీజీ, రాట్నం గుర్రంలాగ అలా తిరుగుతన్నావు? ఎక్కడం రాసినోడు దిగడం రాయలేదేటి ఆ పుస్తకంలో?" అని ఆఫీసంతా వినేలా నవ్వాడు. కాసేపటికి జాలిపడి, "పెదబొడ్డేపల్లి దారిలో ఒక మాస్టారున్నారు. పొద్దున్నే ఇంటి వసారాలో ఆసనాలు సెప్తారు. బేగి ఎల్లు, మెడ ఇరిగిపోక ముందే" అన్నాడు.

డెబ్బైల చివర సంగతి ఇది. మాది కృష్ణదేవిపేట వైపు చిన్న పల్లె, వరి వ్యవసాయం. పదో తరగతితో చదువు మానేసి ఉద్యోగంలో చేరాను. మిగతా చదువంతా గ్రంథాలయం బల్లల మీదే సాగింది. దాని గురించి నాకు గర్వం ఉండేది, ఇప్పటికీ ఉంది. మాస్టారి ముందు కూర్చున్న మొదటి రోజే నాడుల పేర్లూ చక్రాల పేర్లూ గడగడా అప్పజెప్పాను. హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరైన ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"బాగా చదివావు నాయనా. ఇప్పుడు ఊపిరి వదులు చూద్దాం" అన్నాడు.

వదిలాను.

"అదేం వదలడం? దాచుకున్నవాడిలా సగం లోపలే పెట్టుకున్నావు."

వసారాలో మేం ముగ్గురమే. ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక టీచరమ్మ, నేను. ఆసనాలయ్యాక అందరం శవాసనంలో పడుకునేవాళ్లం. రోడ్డు మీద చింతపల్లి బస్సు గేరు మార్చుకునే చప్పుడు వినబడేది. అది దాటేసరికి బ్యాంకాయన గురక మొదలయ్యేది. "ఆయనకి ఒక్క ఆసనం సిద్ధించింది, లేపకండి" అనేవాడు మాస్టారు. ఆ తరవాత శ్లోకాలు. మాస్టారి గొంతు పెద్దది కాదు. కానీ అది ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. ఊపిరీ మాటా ఒకటేనేమో అనిపించేది.

ఒకరోజు ఆయన ఒక్కడూ పెరట్లో మొక్కలకి నీళ్లు పోస్తూ ఏదో చదువుకుంటున్నాడు. శ్లోకం కాదు, వేదం. నాకు తెలిసిన రాగాలేవీ అందులో లేవు. మూడే మెట్లు, వాటి మీదే ఎక్కడం, దిగడం. గుండె మీద ఎవరో చెయ్యి ఆనించినట్టయింది. అది ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్న పాఠమట. అందులో చివరి పనస, అంటే యాభై మాటలంత ముక్క, వాళ్లింట్లో కాస్త వేరుగా చెబుతారట. ఆ తీరు ఇప్పుడు తనొక్కడికే వచ్చునట.

"నాకు చెబుతారా అండీ?" అని అడిగాను. వెంటనే భయం వేసి, "మేం వ్యవసాయం వాళ్లమండి" అన్నాను.

ఆయన చెంబు కింద పెట్టాడు. "నాకు పిల్లలు లేరు. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు. అడిగినవాడివి నువ్వొక్కడివే" అన్నాడు.

ఆ మాట ఊళ్లో పాకింది. పండగలకీ తద్దినాలకీ వచ్చిపోయే ఆయన చుట్టాలు కొందరు రావడం మానేశారు. వాళ్ల గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. మాస్టారి భార్య అమ్మగారు మాత్రం ఒకసారి, "వీధిలో ఎదురుపడితే తల తిప్పుకున్నారురా" అని, నాకు కాఫీ గ్లాసు అందించి లోపలికి వెళ్లిపోయింది.

పాఠం పద్ధతి వేరు. గురువు ఒకసారి అంటాడు, శిష్యుడు రెండుసార్లు అనాలి. సంత చెప్పడం అంటారు దాన్ని. పుస్తకం ముట్టుకోకూడదు. స్వరం తప్పుతుంటే మాస్టారు నా తల రెండు చేతులా పట్టుకుని, దిగవలసిన చోట కిందికి వంచేవాడు, ఎక్కవలసిన చోట పైకెత్తేవాడు. మీసాలొచ్చిన మనిషిని అలా పట్టుకుని ఆడిస్తుంటే బ్యాంకాయన, "గుమ్మడికాయ పండిందో లేదో సూస్తన్నారేటండి మాస్టారూ!" అన్నాడు. టీచరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆ చేతుల మధ్య ఉన్నప్పుడు నా స్వరం తప్పేది కాదు.

పున్నమికీ అమావాస్యకీ పాఠం లేదు. ఆ మర్నాటి పాడ్యమికీ లేదు. అష్టమికీ చతుర్దశికీ లేదు. వేళ కాని వేళ ఉరిమినా లేదు. ఆ రోజుల్లో మాటల్లేకుండా ఆసనాలు వేసి లేచిపోయేవాళ్లం. మొదట్లో నాకు ఆ రోజులు సెలవుల్లా ఉండేవి.

బ్యాంకాయనకి బదిలీ అయింది. టీచరమ్మ పిల్లల పరీక్షలని మానేసింది. నేనొక్కణ్ణే మిగిలాను. అప్పుడే మాస్టారి గొంతులో జీర మొదలైంది. మిరియాల కషాయం తాగాడు, పనిచెయ్యలేదు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. గొంతులో గడ్డ పెరుగుతోందన్నారు. ఉన్నన్నాళ్లు మాట ఉంటుంది, తరవాత ఉండదు అన్నారు. తిరుగు బస్సులో అనకాపల్లి దాటేదాకా ఆయన కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూనే ఉన్నాడు. తరవాత, "చివరి పనస ఒకటే మిగిలింది కదూ?" అన్నాడు.

"అవునండి."

"చెప్పేస్తాను."

ఆ రోజు నుంచి నాకు క్యాలెండరంటే భయం పట్టుకుంది. ఆయన గొంతు రోజుకి ఇంత చొప్పున తరిగిపోతోంది. మధ్యలో ఈ తిథులు. ఒక పాడ్యమినాడు ఆగలేకపోయాను. గ్రంథాలయంలో ధర్మశాస్త్రాల మీద ఉన్న లావుపాటి పుస్తకం తిరగేసి మరీ వెళ్లాను. ఆపద సమయంలో ఇలాంటి నియమాలు సడలించుకోవచ్చని అందులో ఉందని చెప్పాను.

"ఎవరికి ఆపద?" అన్నాడు మాస్టారు బొంగురుగా.

"మీకేనండి. పాఠానికి కూడా."

"మా నాన్న పాడ్యమినాడు నోరు తెరవలేదు నాయనా. ఆ చదువు నిలవదనేవాడు. ఆయన దగ్గర మాటలు తీసుకుని మౌనం వదిలేస్తే, సగమే తీసుకున్నట్టు."

వంటింటి గుమ్మంలోంచి అమ్మగారు, "ఏటండీ ఈ పంతం! నోరు పడిపోయాక ఏ తిథైతే ఏటి? వాడు రోజూ ఆ మెట్ల మీద కూర్చుని మీ నోరు చూడ్డమేనా?" అంది. మాస్టారు చాప పరిచి పద్మాసనం వేశాడు. నేనూ ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఊపిరి లోపలికి తీస్తుంటే సన్నగా ఈల వినిపించింది. అంతకుముందు ఆ ఊపిరికి చప్పుడు ఉండేది కాదు.

విదియనాడు ఆఫీసుకి సెలవు పెట్టి, స్నానం చేసి, చీకటి విడకుండానే వెళ్లాను. వసారా మెట్ల మీద ఎవరో ముసలాయన కండువాతో మొహం తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఎస్. రాయవరం నుంచి మొదటి బస్సులో వచ్చాడట. మాస్టారి దాయాది పోయాడని కబురు తెచ్చాడు. మాస్టారు నూతి దగ్గర కట్టుబట్టలతోనే నీళ్లు పోసుకుని, తడి పంచెతో వచ్చి నిలబడ్డాడు.

"మైల. పాఠం లేదు" అన్నాడు.

"ఆయనా మీరూ మాట్లాడుకునే చాలా ఏళ్లయింది కదండీ! నన్ను మీ ఇంట్లో కూర్చోబెట్టారని మీ గుమ్మం తొక్కలేదు కదండీ ఆయన!"

"మాటలు లేవు. మైల ఉంది" అన్నాడు. ఆయన గొంతులోంచి నేను విన్న ఆఖరి స్పష్టమైన మాట అదే.

మైల తీరిన రోజున వెళ్లేసరికి ఆయన చాప మీద సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మళ్లీ తెరిచాడు. కొలిమి తిత్తిలోంచి వచ్చినట్టు గాలే వచ్చింది. అమ్మగారు వసారా స్తంభం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆయన నా చేతిసంచీ వైపు వేలు చూపించాడు. అందులో ఎప్పుడూ ఏదో ఒక గ్రంథాలయం పుస్తకం ఉంటుందని ఆయనకి తెలుసు. ఆ పాఠం అచ్చులో ఉన్న పుస్తకం నా పేర వారాల తరబడి రెన్యువల్ అవుతూనే ఉంది. ముట్టుకోవద్దన్నారని ఆయన ముందు ఎన్నడూ తియ్యలేదు. ఇప్పుడు తీసి, చివరి పనస దగ్గర తెరిచాను. ఆయన మోకాళ్ల మీద ముందుకు జరిగి నా తల రెండు చేతులతో పట్టుకున్నాడు.

మాటలు పుస్తకంలోవి, ఎక్కడం దిగడం ఆయన చేతులవి. అచ్చులో స్వరం దించమని అక్షరం కింద గీత ఉన్నచోట కొన్నిసార్లు ఆయన చేతులు నన్ను కదలనివ్వలేదు. తప్పితే వేళ్లు గట్టిగా బిగుసుకునేవి, సరిగ్గా వస్తే వదులయ్యేవి. తిథులు తప్పించి ఆ నెలంతా అలాగే సాగింది. ఆయన చేతులు రోజురోజుకీ తేలికైపోతున్నాయి.

చివరి మాట దగ్గరికి వచ్చాం. అచ్చులో అక్కడ గీత కిందే ఉంది. ఆయన చేతులు నా తలని కిందికీ వంచలేదు, పైకీ ఎత్తలేదు. ఊరికే పట్టుకుని ఉన్నాయి. ఊపిరి అయిపోయేదాకా ఆ మాటని అక్కడే నిలబెట్టాను. వేళ్లు బిగుసుకోలేదు, వదులవనూ లేదు.

"ఇంతేనా అండీ? మీ నాన్నగారు ఇలాగే అనేవారా?" అని అడిగాను.

ఆయన పెదవులు కదిలాయి. చెవి దగ్గర పెట్టాను, అర్థం కాలేదు. చేతులు జారి తన ఒళ్లో పడ్డాయి. మర్నాడు చతుర్దశి. ఆ మర్నాడు అమావాస్య. పాడ్యమి నుంచి ఆయన లేచి కూర్చోలేదు. విదియ వచ్చింది గానీ, పాఠానికి కాదు.

ఆయన పోయిన పన్నెండో రోజున ఎక్కడి నుంచో వచ్చిన పండితులు లోపల ఆ పాఠమే చదివారు. నేను వసారాలో, నా చాప ఉండే చోట కూర్చుని విన్నాను. చివరి మాట అచ్చులో ఉన్నట్టే కిందికి దించి ముగించారు. అమ్మగారు గుమ్మంలోంచి నా వైపు చూసింది. ఆమె పెళ్లైన నాటి నుంచీ ఆ పాఠం వింటూనే ఉన్న మనిషి. "ఆయన అలా అనేవారా అండీ?" అని అడిగాను.

"ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉండేదాన్ని కదరా. ఆ చివరికొచ్చేసరికి అన్నం వార్చే వేళయ్యేది" అంది.

ఇప్పటికీ పొద్దున్నే ఊపిరి పూర్తిగా వదిలి, ఆ పాఠం మొదలుపెడతాను. పాడ్యమినాడు పెట్టను. చివరి మాట దాకా తల దానంతటదే దిగుతుంది, ఎక్కుతుంది. అక్కడికి వచ్చేసరికి ఆగిపోతుంది. ఆ రోజు ఆయన చేతులు చెప్పింది వాళ్ల ఇంటి స్వరమో, చేతుల్లో బలం లేకపోవడమో తెలుసుకోవడానికి నేను చాలా పుస్తకాలు తిరగేశాను. ఏ పుస్తకంలోనూ లేదు. ఊపిరి అయిపోయేదాకా అక్కడే పట్టి ఉంచుతాను.