విరగవలసిన ముక్క

తన పని ఉంటుందా ఊడుతుందా అన్నది ఒక చిన్న ముక్క మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ ముక్క విరిగేదే పెట్టమని మనిషి ఎందుకు చెబుతాడు? యోహాను విషయంలో ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు.

యోహానుకు యాభై నాలుగేళ్ళు. యూనివర్సిటీ వర్క్‌షాపులో ఫిట్టరు. అవుట్‌సోర్సింగ్ కింద చేరి పంతొమ్మిదేళ్ళయినా ఏటా కొత్తగా చేరినవాడిలాగే సంతకం పెడతాడు. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వస్తాడు, నడిచి పోతాడు. మోకాళ్ళు అరిగాయి. ఉన్న పని ఉంటే చాలు, కూర్చుని చేసుకునేదైతే ఇంకా మేలు అనుకునే దశకు వచ్చాడు.

ఆ ఉన్న పనికే ఎసరొచ్చింది. జ్యోతిర్మయి అనే రీసెర్చ్ స్కాలర్, మురుగు గొట్టాల్లోకి కెమెరా మోసుకెళ్ళే రిమోట్ ట్రక్కు ఒకటి తయారుచేసుకుంటోంది. మూరెడు పొడవు, లావు చక్రాలు. రాయి తగిలిందంటే స్టీరింగ్ విరగడమే. ఒకసారి చక్రం దగ్గరి కీలు, ఒకసారి కడ్డీ, మూడోసారి స్టీరింగ్ మోటరు మీద ఉండి కడ్డీని అటూ ఇటూ కదిపే చిన్న చెయ్యి. మూడోసారి ఆమె గైడు శ్రీనివాసరావుగారు స్వయంగా వర్క్‌షాపుకు వచ్చారు.

“శుక్రవారం ఈ అమ్మాయి పని చూడ్డానికి కమిటీ వస్తోంది యోహాను. మళ్ళీ ఏదైనా విరిగిందో, వచ్చే నెల రెన్యువల్ లిస్టులో నీ పేరుండదు. అన్నీ మెటల్‌వి వేసెయ్.”

ఆయన వెళ్ళాక జ్యోతిర్మయి తెప్పించిన సామాను బల్ల మీద పరిచింది. యోహాను ఒక్కొక్కటి వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

“కీళ్ళు అల్యూమినియంవి ఎయ్యుండ్రి. కడ్డీలు స్టీలువే మంచిగుంటయి. చెయ్యి మాత్రం పాత లెక్క నైలాన్‌దే ఉండనియ్యి మేడం.”

“మొన్న ఇరిగింది అదే కదన్నా!”

“ఇరగనియ్యి. రాయి దెబ్బ యాడనో ఒకాడ దిగాలె. గది ఇరగకుంటే మోటరు లోపలి గేర్ల పండ్లు రాలుతయి. చెయ్యయితే రెండు నిమిషాల్ల మారుస్త. పండ్లు కట్టెటోడు తార్నాకల యాడున్నడు?”

“గల్లీకి ఇద్దరు డెంటిస్టులున్నరు,” అని నవ్వి, వెంటనే నవ్వు ఆపుకుంది. “సార్ ఏమన్నరో ఇన్నవా?”

“ఇన్న.”

సార్ మాటే నెగ్గింది. ఇనుప చెయ్యే బిగించారు. బుధవారం వర్క్‌షాపు వెనక బండల మీద ట్రక్కును నడిపారు. ముందు చక్రం రాయికి గట్టిగా కొట్టుకుంది. పైన ఏదీ వంగలేదు, విరగలేదు. కానీ చక్రాలు ఇక పక్కకు తిరగడం లేదు. మోటరు ఊరికే గుర్రుమంటోంది. యోహాను దాని మూత విప్పి అరచేతిలో వంచాడు. పొట్టులాంటివి రాలాయి.

“పండ్లే,” అన్నాడు. గెలిచినవాడిలా కాదు, ఆకలి లేనివాడు అన్నం ముందు కూర్చున్నట్టు.

ఇంతకుముందు చేసిన ట్రక్కులోని మోటరు ఒక్కటే ఇక మిగిలింది. జ్యోతిర్మయి స్టూలు మీద కూలబడింది. ఆరేళ్ళ చదువు, గడువు పొడిగించడం కూడా అయిపోయింది.

“నీకెట్ల తెలుసన్నా?”

“ఊర్ల పటేలు ట్రాక్టర్ నడుపుతుంటి. ఎనక దుక్కి దున్నే రోటవేటర్‌కు ఒక మెత్త బోల్టు ఉంటది. రాయి తగిల్తె అదే తెగాలె. పూటకు రెండు తెగేటియి. ఇసుగొచ్చి గట్టి బోల్టు బిగిచ్చిన. గేర్‌బాక్సే పలిగింది. పటేలు తిట్టలే. తాళంచెవి తీస్కున్నడు, గంతే. గా యేడే పట్నమొచ్చిన.”

“అప్పుడు గట్టిది పెట్టి పని పోగొట్టుకున్నవు. ఇప్పుడు మెత్తది పెట్టి పోగొట్టుకుంటవా?”

“ఏమో బిడ్డా. ఇసుగైతే అప్పటి లెక్కనే ఉన్నది.”

ఆమె ఆ మిగిలిన మోటరు ఎక్కించి, ఇనుప చేతిని డ్రాయర్‌లో పడేసి, నైలాన్‌ది తన చేత్తోనే బిగించింది. సార్‌కు చెప్పలేదు. యోహాను నైలాన్ పలక కోసి, ఆకురాయితో అరగదీసి ఇంకో మూడు చేతులు చేసి జేబులో వేసుకున్నాడు.

శుక్రవారం పొద్దున కమిటీవాళ్ళు వర్క్‌షాపు వెనక కుర్చీల్లో కూర్చున్నారు. ట్రక్కు బండలు దాటుకుంటూ పరీక్ష కోసం పెట్టిన గొట్టం దాకా వచ్చింది. అక్కడ ఒక రాయికి తగిలి టక్కుమంది. చెయ్యి రెండు ముక్కలైంది. శ్రీనివాసరావుగారు ట్రక్కును చూడలేదు, యోహానును చూశారు. యోహాను మోకాళ్ళు పట్టుకుని నేల మీదికి దిగాడు. విరిగింది విప్పి కొత్తది బిగించి, గోడ ఆసరాతో మెల్లగా లేచాడు. ట్రక్కు గొట్టంలో దూరి అవతలి నుంచి బయటికొచ్చింది.

కమిటీలోని నవనీతగారు విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని అడిగారు, “మరి ఇది విరిగిందేం?”

“విరగడానికే పెట్టాం మేడం. మోటరు బతకాలని,” అంది జ్యోతిర్మయి.

“బాగుందే! ఎవరి ఆలోచన?”

ఆమె యోహాను వైపు తిరిగేలోపే శ్రీనివాసరావుగారు, “మా టీమ్‌ది మేడం,” అన్నారు.

లోపలికి చాయ్, సమోసాలు వచ్చాయి. యోహాను గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లిస్టు సంగతి తేలుతుందేమోనని. సార్ ఒకసారి ఇటు చూసి, ఆగమన్నట్టు వేలు పైకెత్తి, మళ్ళీ మాటల్లో పడ్డారు. జ్యోతిర్మయి చుట్టూ అందరూ మూగారు. యోహాను కాసేపు నిలబడ్డాడు. ఒక కాలి మీద బరువు వేసి, తర్వాత రెండో కాలి మీద వేశాడు. ఇంకా నిలబడేందుకు కాళ్ళు ఒప్పుకోలేదు.

మిగిలిన రెండు నైలాన్ చేతులూ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. టిఫిన్ డబ్బా అందుకుని, వెనక తలుపులోంచి మాణికేశ్వర్ నగర్ దారి పట్టాడు. లిస్టులో తన పేరుంటుందో ఉండదో తెలియకుండానే.