ఏ పటేల్‌పారా

అంబులెన్సులు పంపే ఆఫీసులో ఊరి పేర్లు వెతికే ప్రోగ్రాం రాసింది నేనే. ప్రతి పేరునూ మొదటి నుంచి కోసి ప, పటే, పటేల్ అంటూ సూచీలో పెట్టాను. రెండక్షరాలు కొడితే చాలు, మిగతా పేరు తెరమీద కనబడుతుంది. అంతకుముందు ఎక్కువ ఫోన్లు వచ్చిన ఊరే పైన రావాలని పైవాళ్ల పట్టు. ఊరిపెద్ద ఇళ్లున్న వాడను మా బస్తర్‌లో పటేల్‌పారా అంటారు, అలాంటిది ఊరికొకటి ఉంటుంది, జనం ఊరు వదిలేసి పారా పేరే చెబుతారని మొత్తుకున్నాను. వింటేగా.

ప్రోగ్రాం మొదలైన రోజే ఒక పెద్దావిడ ఫోను చేసింది.

"నా కోడలికి నొప్పులొస్తున్నయి బిడ్డా. ఉమ్మనీరు పోయింది. పటేల్‌పారాకు బండి పంపు."

ఆపరేటరమ్మాయి రెండక్షరాలు కొట్టి, పైన వచ్చిన పేరు నొక్కింది. దోర్నపాల్‌లో ఉన్న బండి కొంటా రోడ్డు పట్టింది. పక్కనే నిలబడి చూస్తున్న నేను తెరను కిందికి జరిపాను. పటేల్‌పారాలు వస్తూనే ఉన్నాయి.

"ఏ ఊరి పటేల్‌పారానో అడిగావా?"

"పేరు వచ్చింది కదక్కా."

వస్తుంది, ఎందుకు రాదు. రావడానికే కదా నేను రాసి చచ్చింది. హెడ్‌ఫోను లాక్కుని ఆ నంబరుకు కలిపాను. మోగింది, తెగింది. సిగ్నలు కోసం ఆమె ఏ గట్టెక్కాలో. తెరమీది పటంలో బండి కొంటా వైపే జరుగుతోంది. మళ్లీ కలిపాను. ఆయాసపడుతూ ఎత్తింది.

"అమ్మా, మీ ఊరేంది?"

"చెప్పిన గదా. పటేల్‌పారా."

మా అమ్మమ్మదీ ఇదే వరస. ప్రశ్న మార్చాను.

"మీరు ఏ సంతకు పోతరు?"

"దోర్నపాల్ సంతకు. పిల్ల సచ్చిపోతాంటే సంత ముచ్చటేందే నీకు?"

"సంత నుంచి ఇంటికి ఎట్ల పోతరు, చెప్పమ్మా."

"జగర్‌గుండ రోడ్డున పోయి, నీళ్ల ట్యాంకి కాడ లోపలికి."

బండి పోతున్నది పూర్తిగా వేరే దిక్కుకు. డ్రైవరుకు ఫోను చేసి తిప్పమన్నాను. ఎందుకని అడగకుండా తిప్పాడు. ఆ తర్వాత నేనూ ఆపరేటరమ్మాయీ కుర్చీలో కూర్చోలేకపోయాం.

చివరికి బండిలోని నర్సు ఫోను చేసింది.

"ఆడపిల్లక్కా. బండెక్కించంగనే పుట్టింది. ఇద్దరూ బాగున్నరు. గానీ బండిల ట్యాబుల గూడ ఊరి పేరు కొట్టాలె, అత్తమ్మను అడిగితే పటేల్‌పారా అంటాంది."

"పైన వచ్చింది నొక్కకు," అన్నాను. ఇక నాకు ఏడుపు ఆగలేదు.