పెద్దమ్మ గది పాట

పాపకు స్నానం చేయిస్తున్నాను. ముఖానికి సబ్బు రాస్తే రోజూ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చే పిల్ల, ఆ సాయంత్రం చప్పట్లు కొడుతూ పాట అందుకుంది. గొడుగు, నిచ్చెన, దువ్వెన, మేఘం... ఒక మాటకూ ఇంకో మాటకూ పొంతన లేదు. నోటికొచ్చింది పాడుతోందనుకున్నాను. మళ్లీ మొదటినుంచి పాడింది. అవే మాటలు, అదే వరస. లెక్కపెట్టాను. పన్నెండు.

"ఏం పాట తల్లీ ఇది?"

"పెద్దమ్మ గది పాట."

చేతిలోని మగ్గు జారి బకెట్‌లో పడింది.

పెద్దమ్మంటే మా వీధి చివర డే కేర్‌లో పిల్లలను చూసుకునే ఆవిడ. పిల్లలు అలా పిలుస్తారని మేమూ అలాగే పిలుస్తాం. చెల్లెలి ఇంట్లో ఉంటుంది. రాత్రి అందరి భోజనాలూ అయ్యాక వంటగది తుడిచి అక్కడే చాప వేసుకుంటుంది, పొద్దున ఎవరూ లేవకముందే చుట్టేస్తుంది. ఆవిడకున్న కోరిక ఒక్కటే: లోపలినుంచి గడియ పెట్టుకోగల సొంత గది. దాని అడ్వాన్సు కోసం జీతంలో మిగిలిందల్లా ఫోన్‌లోని వాలెట్‌లో దాస్తోంది. పిల్లల మీద ఆవిడకు కోపం రాదు, పెద్దవాళ్ల దగ్గర మొహమాటం లేదు. పాపకు జ్వరముందేమో చూడమని నేను రోజూ ప్రాణం తీస్తుంటే, పాపకేం లేదు, మీకే కాస్త వేడిగా ఉన్నట్టుంది అంటుంది.

ఆ వాలెట్ బ్లాక్‌చెయిన్ మీద, అంటే ఒకే లెక్క వేల కంప్యూటర్లలో నకళ్లుగా ఉండే పద్ధతి మీద నడుస్తుంది. మామూలు మనుషులకు అర్థమయ్యేలా సులువు చేశామంటూ కంపెనీ మనిషి డే కేర్‌కే వచ్చి అందరి ఫోన్లలోనూ పెట్టి వెళ్లాడు. ఫీజులు మేమూ అందులోనే కడుతున్నాం. అది ప్రతి ఒక్కరికీ పన్నెండు మాటలు ఇస్తుంది. ఫోన్ పోయినా ఆ మాటలు వరసగా కొడితే డబ్బు మళ్లీ మన చేతికొస్తుంది. వేరెవరైనా కొడితే వాళ్ల చేతికీ వెళ్తుంది. మొరపెట్టుకోవడానికి మేనేజరంటూ ఉండడు. పోయింది పోయినట్టే. నా మాటలు కవరులో పెట్టి, అతికించి, బీరువాలో దాచాను.

పాపకు గౌను తగిలించి, చంకనేసుకుని వీధిలో పడ్డాను. దారిలో గుర్తొచ్చింది. మధ్యాహ్నం తల్లిదండ్రుల గ్రూపులో ఎవరో వీడియో పెట్టారు. పిల్లలంతా చేతులు కడుక్కుంటూ ఏదో పాడుతున్నారు. ఆఫీసులో ఉన్నానని శబ్దం లేకుండా చూసి, ముచ్చటపడి గుండె బొమ్మ కూడా పెట్టాను. ఇప్పుడు నడుస్తూనే విన్నాను. గొడుగు, నిచ్చెన... ఒక్క మాట కూడా పోకుండా వినిపిస్తోంది. నడక పరుగైంది.

డే కేర్‌లో ఇంకా కొందరు పిల్లలున్నారు. పాపను వాళ్లలో వదిలి, పెద్దమ్మను పక్క గదిలోకి లాక్కెళ్లి, ఆ పాట ఎవరు నేర్పారని అడిగాను. తనే నేర్పానంది, సంబరంగా. ఎందుకని అడిగితే నావైపు జాలిగా చూసింది.

"ఆ కంపెనీ ఆయనే చెప్పాడు కదమ్మా. ఒక్కరి దగ్గరుంటే పోతుంది, అందరి దగ్గరా ఉంటే ఎవడూ చెరపలేడు, దీని గొప్పంతా అదేనని. నాకా మతిమరుపు. నేను మర్చిపోయినా ఇంతమంది పిల్లల్లో ఒక్కరైనా అందించరా?"

సైన్సు చదువుకున్నదాన్ని, అతని బదులు నేనొచ్చినా సరిగ్గా ఆ మాటే చెప్పి ఉండేదాన్ని. అందరి దగ్గరా ఉండేది లెక్కేననీ, దాని తాళంచెవి మాత్రం ఒక్కరి దగ్గరే ఉండాలనీ మెల్లగా చెప్పాను. ఆవిడ పిల్లల కుర్చీలో కూలబడింది. ఫోన్ నా చేతిలో పెట్టింది కానీ దానివైపు చూడలేదు.

"గది ఉందా?"

ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కాను. ఎట్టకేలకు తెరుచుకుంది. మొత్తం అలాగే ఉంది. ఉందని చెప్పినా ఆవిడ నమ్మలేదు. నిజానికి నేనూ నమ్మలేదు, మళ్లీ చూశాను. అప్పటికప్పుడు కొత్త వాలెట్ తెరిచి డబ్బంతా అందులోకి మార్చాను. చేరినట్టు వచ్చేదాకా ఇద్దరం తెరవైపే చూస్తూ ఉన్నాం.

అప్పుడు తెర మీద కొత్త మాటలు వచ్చాయి. నేను చూడకూడదు. ఎవరికీ తెలియకుండా కాగితం మీద రాసుకోమని ఫోన్ ఆవిడకిచ్చి గోడవైపు తిరిగాను.

"తాబేలు, కిటికీ..." నా వెనక రాగం మొదలైంది. అవతలి గదిలో పిల్లలు చప్పట్లు అందుకున్నారు.

గభాలున తిరిగి ఆవిడ నోరు మూసేశాను. నా అరచేతి కింద మూడో మాట ఇంకా కదులుతూనే ఉంది.