తొట్టి కింద సంపు

ఏలూరులో మా ఇంటి హాల్లోకి సముద్రపు చేపలు రావడానికి కారణం మా ఆయన స్నేహితుడి బదిలీ. చెన్నైలో ఉండే ఆ స్నేహితుడికి ఉన్నట్టుండి ఉత్తరాదికి బదిలీ అయింది. మూడున్నర అడుగుల అద్దాల తొట్టినీ, సముద్రపు నీళ్లు కలుపుకునే ఉప్పు సంచుల్నీ, నారింజ రంగు ఒంటిమీద తెల్ల పట్టీలున్న రెండు చేపల్నీ అమ్మడానికి మనసొప్పక మాకు ఇచ్చేశారు. మా ఆయన తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగి. పొద్దున రైలెక్కితే మళ్లీ సాయంత్రానికే ఇల్లు చేరేవారు. అందుకని చేపల బాధ్యత నామీద పడింది. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి నాకు అన్నీ తెలుస్తాయని ఇంట్లో అందరి నమ్మకం. కొల్లేరు పక్కన పెరిగినదాన్ని, నాకు తెలిసిన చేపలు బొచ్చె, కొర్రమీను. అవి కూడా చాలావరకు కూరలోనే తెలుసు.

వేసవి ముదిరేసరికి తొట్టి అద్దాలకి గోధుమరంగు జిగురు పట్టింది. నీళ్లు మార్చినా నాలుగు రోజులకి మళ్లీ మామూలే. రెండు చేపల్లో చిన్నది మేత ముట్టడం మానేసి ఒక మూల నిలబడిపోయేది. బడి అయ్యాక నెట్ సెంటర్‌కి వెళ్లి కూర్చుని వెతికాను. విదేశాల్లో ఇలాంటి చేపల్ని పెంచేవాళ్లు పెద్ద తొట్టి కింద ఇంకో తొట్టి పెడతారని, పై నీళ్లు అందులోకి దిగి, అక్కడ పెంచే నాచు మలినాన్ని తిన్నాక మోటారుతో మళ్లీ పైకి వెళ్తాయని చదివాను. దాన్ని సంప్ అంటారట. ఆ కాగితాలు ప్రింటు తీయించుకొచ్చి భోజనాల బల్ల మీద పరిచాను.

మావయ్యగారు అప్పుడే ఇరిగేషన్ శాఖలో రిటైరయ్యారు. ఉద్యోగమంతా కాలవలూ, లాకులూ, తూములూ చూసుకుంటూ గడిపిన మనిషి. ఇంట్లో ఏం తోచక కుళాయిలకి వాషర్లు మార్చేవారు. మార్చినవే మళ్లీ మార్చేవారు. నేను కోడలిగా వచ్చి ఏళ్లు గడిచినా మా మాటలు "కాఫీ తాగుతారా మావయ్యగారూ", "తాగుతానమ్మా" దాటి పెద్దగా పోలేదు. ఆ రోజు మాత్రం ఆయన బల్ల దగ్గర ఆగి, కళ్లజోడు పెట్టుకున్నారు.

"ఏంటమ్మా ఇది, తూము బొమ్మలా ఉంది?"

నేను చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వంటింట్లోంచి అత్తయ్యగారు విని, "ఇంటి ముందు సంపు ఉందిగా, మళ్లీ హాల్లో సంపేంటమ్మా?" అన్నారు. మంచినీళ్ల సంపు కాదని ఆవిడకి చెప్పేసరికి కూర మాడింది.

నాచుకి ఎంత వెలుతురు కావాలో, నీళ్లు ఎంత నెమ్మదిగా పారాలో నేను చూశాను. కొలతలు ఆయన వేశారు. అద్దాల కొట్లో గాజు పలకలు కోయించి, పెరట్లో సిలికాన్‌తో అతికించాం. మూడు గదులు. మొదటిదాంట్లో మడ్డి దిగుతుంది, మధ్యదాంట్లో నాచు, చివరిదాంట్లో మోటారు. ఆ మోటారు కూలర్లకి వాడేదే. అంతా బిగించి స్విచ్ వేసినప్పుడు నీళ్లు కిందికి దిగి, గది గదీ దాటి, మళ్లీ పైకి ఎక్కాయి. మావయ్యగారు స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూశారు. నాకూ భోజనానికి లేవాలనిపించలేదు.

ఆ వారంలోనే మా ఇంట్లో ప్రార్థన కూడిక. కూడికలకి మాత్రమే అత్తయ్యగారు పెట్టెలోంచి తివాచీ తీసేవారు. ఏలూరులోనే నేసిన పాతకాలపు తివాచీ, వాళ్ల నాన్నగారు కొనిచ్చింది. దానిమీద సంఘం ఆడవాళ్లంతా కూర్చున్నారు. ఒక పెద్దావిడ ప్రార్థన మొదలుపెట్టారు. ఆవిడ ఊళ్లో ఉన్న రోగులందరినీ పేరుపేరునా తలుచుకుంటారు. సగంలో కరెంటు పోయింది. ఎవరూ కళ్లు తెరవలేదు. ఫ్యాన్ల చప్పుడు ఆగడంతో తొట్టి వైపు నుంచి గుళగుళమని నాకు వినిపించింది.

కళ్లు తెరిచి చూస్తే కింది తొట్టి అంచుల మీదుగా నీళ్లు పొర్లుతున్నాయి. ప్రార్థన మధ్యలో లేవడమా మానడమా అని తటపటాయిస్తూ ఉండగానే, గోడవారన కూర్చున్నావిడ కళ్లు మూసుకునే కాస్త పక్కకి జరిగారు. తర్వాత ఆవిడ పక్కావిడ జరిగారు. అలా ఒక్కొక్కరే జరుగుతూ వచ్చారు గానీ ఒక్కరూ నోరు మెదపలేదు. ఆమెన్ అనేసరికి తివాచీ సగం నానిపోయింది. పాస్టరమ్మగారు చీర కుచ్చెళ్లు పిండుకుంటూ, "ఏవండీ, మీ ఇంట్లో పైపేమైనా పగిలిందాండీ?" అని మెల్లగా అడిగారు.

అత్తయ్యగారు వాళ్లందరికీ టీలిచ్చి పంపారు. తర్వాత నేనూ ఆవిడా తివాచీని డాబా మీదికి మోసుకెళ్లి, ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడిగాం. "నాకు చేపల మీద కోపం లేదమ్మా," అన్నారు ఆవిడ. "నీళ్లు వాటి చోట అవి ఉంటే చాలు."

కిందికి దిగేసరికి మావయ్యగారు తొట్టి ముందు తల పట్టుకుని కూర్చున్నారు. "లాకు తలుపు దించితే నీళ్లెటు పోతాయో చూడకుండా ఏనాడూ సంతకం పెట్టలేదమ్మా. ఇక్కడెలా మర్చిపోయాను?"

"నేనూ మర్చిపోయానండీ. రండి, మళ్లీ చూద్దాం."

కరెంటు వచ్చాక కావాలనే మోటారు ఆపి చూశాం. నీళ్లు పైకి తెచ్చే పైపు కొస పెద్ద తొట్టిలో బాగా లోతుకి ఉంది. మోటారు ఆగగానే అదే పైపు పై నీళ్లని వెనక్కి లాగేస్తోంది. పైపుకి నీటిమట్టం కిందనే చిన్న బెజ్జం పెడితే, నీళ్లు కాస్త దిగగానే అందులోంచి గాలి లోపలికి పోయి ఆ లాగుడు ఆగుతుందని నేనన్నాను. కాల్చిన మేకుతో బెజ్జం పెట్టాం. ఆ కాస్తలో దిగే నీళ్లు పట్టేలా కింది తొట్టిలో ఎంత ఖాళీ ఉంచాలో లెక్కగట్టి, మావయ్యగారు ఎర్ర రంగుతో గీత గీశారు. తర్వాత వారమంతా ఆయన వేళాపాళా లేకుండా మెయిన్ ఆపేసేవారు. "ఏవండీ, సీరియల్ వస్తోందండీ," అని అత్తయ్యగారు చీకట్లోంచి అనేవారు. చుక్క కూడా బయట పడలేదు.

ఇక నాచు కావాలి. ఉప్పునీటిలో బతికేదే కావాలి కాబట్టి కొల్లేటి నాచు పనికిరాదు. కొల్లేరు నీళ్లు సముద్రానికి పోయే ఉప్పుటేరు చివర, రొయ్యల చెరువుల దగ్గర ఉప్పు కాలవల్లో జుట్టు చిక్కులా పచ్చగా అల్లుకునే నాచుని మావయ్యగారు ఉద్యోగం రోజుల్లో చూశారట. ఒక సెలవు రోజు ఇద్దరం బకెట్టు పట్టుకుని బస్సెక్కాం. భీమవరంలో మారి, అక్కణ్నుంచి ఆటోలో వెళ్లాం. నాచు పట్టుకెళ్లొచ్చా అని అడిగితే చెరువు కాపలా ఆయన నవ్వారు. "ఎంత పీకుకుంటే అంత మేలండీ మాకు." తిరుగు బస్సులో కండక్టరు బకెట్టులోకి తొంగిచూసి, "రొయ్యలాండీ?" అని అడిగి, నాచని తెలిశాక నన్నూ మావయ్యగారినీ మార్చి మార్చి చూశాడు.

నాచు కుదురుకుంది. దాంతోపాటు వచ్చిన ఆవగింజంత పురుగులు మధ్య గదిలో పిల్లలు పెట్టాయి. అత్తయ్యగారు బైబిలు చదువుకునే కళ్లజోడుతో వాటిని చూసేవారు. అద్దాల జిగురు తగ్గింది. చిన్న చేప మూల వదిలి మేతకి ఎదురొచ్చింది.

చేపల సంగతి మా ఆయన బ్యాంకులో చెప్పారు. ఆ మాట విని తాడేపల్లిగూడెం బట్టల కొట్టు యజమాని ఒకాయన ఇంటికొచ్చి చూసి, తమకీ ఒకటి కట్టిపెట్టమన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ మావయ్యగారూ ప్యాసింజర్‌లో వెళ్లాం. ఆయన టేపు జేబులో పెట్టుకున్నారు. ఆ ఇంటాయన కొలతల గురించి మావయ్యగారిని ఏదో అడగబోతే, "మా కోడలండీ. డిజైను ఆవిడది. పైపులు మాత్రం నేను చూస్తాను," అన్నారు. ఆ మాట విన్నాక నేను కాగితం మీద గీతలు ఇంకాస్త జాగ్రత్తగా గీశాను.

తిరుగు రైల్లో ఆ ఇంటి తొట్టికి నీళ్లు ఆపే వాల్వు ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఇద్దరికీ కుదర్లేదు. కిందనే ఉండాలని ఆయన, చెయ్యి అందేచోట ఉండాలని నేను. ఎదురు సీట్లో కూర్చున్న ప్రయాణికుడు చాలాసేపు విని, "ఇద్దరిదీ ఒకే ఆఫీసాండీ?" అని అడిగారు.

"అలాంటిదేనండీ," అన్నారు మావయ్యగారు. నా చేతిలోని కాగితం తీసుకుని, వాల్వు చోటు చెరిపి కొంచెం పైకి గీశారు.